గోదాములో ఉన్న బిడ్డ కోసం

చదువుకోవడానికి కళ్లనూ, వినడానికి చెవులనూ, ముఖం తెలియనివాళ్ల కోసం కూడా తడిసే మనసునూ ఇచ్చిన దేవునికి స్తోత్రం. పసితనం నుంచి తల నెరిసే దాకా నన్ను మోసుకొచ్చిన ప్రభువుకు స్తోత్రం. నేను చెప్పబోయేది ఒక డిటెక్టివ్ పుస్తకం సంగతి, దాని వెనక నేను ఇన్నేళ్లు దాచుకున్న ఒక తప్పు సంగతి. మందిరంలో సాక్ష్యానికి నిలబడితే ముందు ఆయనను స్తుతించి, తర్వాతే మన సంగతి చెప్పడం మా అలవాటు. కాగితం మీద కూడా ఆ అలవాటు పోలేదు.

మొన్న మంగళవారం కొరియర్‌లో ఒక నవల వచ్చింది. నేను ఎనిమిదేళ్లుగా చదువుతున్న వరసలో తొమ్మిదోది. అందులో ఒక ఆడ ఇన్‌స్పెక్టర్ ఉంటుంది. మోకాళ్ల నొప్పులు, పంచదార లేని చాయ్, ఎవరినీ నమ్మని చూపు. ఏడాదికి ఒకసారి వస్తుంది ఆమె. వచ్చిన రోజు నాకు పండుగే. కోదాడలో హుజూర్‌నగర్ రోడ్డు వైపు ఒక గది, ఒక వంటిల్లు కిరాయికి తీసుకుని ఉంటున్నాను. పెళ్లి చేసుకోలేదు. బడిపంతులమ్మగా రిటైరై చాలా కాలమైంది. ఆదివారం సంఘం ఉంటుంది, నలుగురు పలకరిస్తారు. మిగతా ఆరు రోజులు గోడలే.

పుస్తకం వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనం తొందరగా ముగించి, గిన్నెలు కడిగి, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను. చివరి పేజీ తెరవకూడదు, అట్ట వెనక రాసింది కూడా చూడకూడదు. అది నాకు నేను పెట్టుకున్న కట్టడి. ఇంకో అలవాటు కూడా ఉంది. డిటెక్టివ్ నవలను నేను లోపల చదువుకోలేను. పైకి, గొంతెత్తి చదువుతాను. పక్క పోర్షనులో ఉండేవాళ్లు మొదట్లో మా ఇంటికి చుట్టాలు వచ్చారనుకునేవారట.

మొదటి అధ్యాయం అయిపోయింది. ఒక కాంట్రాక్టరు చచ్చిపోయాడు, ఇంట్లో ఆరుగురు ఉన్నారు. నేను అక్కడ ఆపి, తల ఎత్తి, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూశాను. ఎవరు చంపారో ఇప్పుడు అవతలి మనిషి చెప్పాలి. ఎవరూ చెప్పలేదు. ఫ్యాను తిరుగుతోంది. బయట ఏదో లారీ వెనక్కి తీస్తున్న చప్పుడు. ఎన్ని నవలలు ఇలా చదివానో, ప్రతిసారీ అక్కడ ఆపుతాను, ప్రతిసారీ చూస్తాను. ఎవరి కోసం ఆపుతున్నానో నాకు తెలుసు.

నాకు పదేళ్లప్పుడు మా నాయన మేళ్లచెరువులో సిమెంటు లారీల మీద పనికి కుదిరాడు. అమ్మ కూడా వెళ్లింది. అక్కడ దుమ్ముకు నాకు దగ్గు పట్టుకుంది, రాత్రుళ్లు ఈల వేసినట్టు ఊపిరి వచ్చేది. దవాఖానలో పిల్లను ఇక్కడ ఉంచవద్దన్నారు. నాయన నన్ను సూర్యాపేట తీసుకొచ్చి నాయనమ్మ దగ్గర దింపి, ఒక గంట కూర్చుని, చాయ్ తాగి, నెలలో వస్తానని వెళ్లిపోయాడు. రెండు నెలలకు వచ్చాడు. తర్వాత మూడు నెలలకు. నేను అడగడం మానేశాను. అడగడం మానేసిన పిల్ల బుద్ధిమంతురాలని వాడకట్టులో అందరూ మెచ్చుకున్నారు.

నాయనమ్మది పెంకుల ఇల్లు, ఒకటే గది. మందిరం గంట కొడితే ఆ గదిలో గిన్నెలు సన్నగా మోగేవి. ఆమెకు రెండు కళ్ల మీదా పొర కమ్మింది. వెలుగూ నీడా తెలిసేవి, మనిషి ఆకారం తెలిసేది, ముఖం తెలిసేది కాదు. కళ్లు బాగున్న రోజుల్లో కూడా ఆమెకు చదువు రాదు. కానీ బైబిలు వాక్యం అంతా నోటికి వచ్చు. నేను ఆమెకు రోజూ మూడు అధ్యాయాలు చదవాలి. తొందరగా ముగించాలని ఒక వరుస దాటేస్తే, తల తిప్పకుండానే పట్టుకునేది. "నడుమ ఒక మాట మింగినవ్. మల్ల సదువు" అనేది. మింగిన మాట ఏదో కూడా ఆమే చెప్పేది.

నేను చెప్పేది ఒక ఎండాకాలం సంగతి. ఒంటిపూట బళ్లు. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి గది అంతా చింతపండు వాసన. ఒక సేటు చింతకాయలు బస్తాల్లో పంపేవాడు, నాయనమ్మ వాటిని కొట్టి, పెంకు తీసి, గింజ తీసి, పండును వేరే కుప్ప వేసేది. చూపు లేకపోయినా ఆమె వేళ్లకు గింజ ఎక్కడుందో తెలుసు. నేను పక్కన కూర్చుని, ఆమెకు కనిపించదు కదా అని, ఒక పండు తీసి ఉప్పూ కారం అద్ది బుగ్గన పెట్టుకునేదాన్ని. ఆమె తల ఎత్తకుండానే, నీ పళ్లు పులిస్తే రేపు రొట్టె ఎట్లా నములుతావని అడిగేది. వాసన మీదనే పట్టుకునేది. జొన్నరొట్టె, పచ్చిపులుసు, అప్పుడప్పుడు ఎండు చేప. ఇప్పటికీ చింతపండు నానబెడితే నాకు కథ వినాలనిపిస్తుంది.

ఎదురింట్లో ఒక అక్క ఉండేది. జాకెట్లు కుట్టేది కాబట్టి అందరూ మిషనక్క అనేవారు. ఆమె గదిలో కొత్త బట్ట వాసన, మిషన్ నూనె వాసన. బస్టాండు దగ్గర కిరాయికి పుస్తకాలిచ్చే చిన్న దుకాణం ఉండేది. ఆ దుకాణదారు ప్రతి పుస్తకానికీ ఖాళీ సిమెంటు సంచీ కాగితంతో అట్ట వేసేవాడు. మిషనక్క అక్కడి నుంచి డిటెక్టివ్ నవలలు తెచ్చేది. ఒక వరస ఉంది, నెలకొక భాగం వచ్చేది. అందులో డిటెక్టివ్ కుర్రవాడు. తల్లీతండ్రీ లేరు. పట్నంలో ఒక అద్దె గదిలో ఒక్కడే ఉంటాడు, పాత స్కూటరు నడుపుతాడు, పొద్దున తింటే మళ్లీ తినేది మరునాడే. ఎవరో ఒకరు కష్టంలో ఉండి వస్తారు, వాళ్ల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు, పని అయ్యాక గదికి వచ్చి తాళం తీసుకుని ఒక్కడే పడుకుంటాడు. ఆ తాళం తీసుకునే వాక్యం ప్రతి భాగం చివరా ఉండేది. దాన్ని నేను ప్రతిసారీ రెండుసార్లు చదివేదాన్ని.

మిషనక్క కాజాలు కుడుతుంటే చేతులు ఖాళీ ఉండవు. అందుకని నన్ను కూర్చోబెట్టి చదివించుకునేది. అట్లా నాకు రుచి తగిలింది. తర్వాత పుస్తకం ఇంటికి తెచ్చుకుని గడప దగ్గర లోపల చదువుకునేదాన్ని. రెండో రోజే నాయనమ్మ పట్టుకుంది. కాగితాలు తిప్పిన చప్పుడు వినబడుతోంది కానీ మాట వినబడటం లేదన్నది.

"నువ్వొక్కదానివే తింటే నేను ఊకుంటనా? సదువు గూడ గంతే. పైకి సదువు."

నేను పైకి చదివాను. అది వాక్యం కాదని ఆమెకు మొదటి వరుసలోనే తెలిసింది. ఇంకో పుస్తకమా అన్నది. అవునన్నాను. అది కట్టుకథ అని నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆమె జీవితంలో ఆమెకు ఎవరైనా చదివి వినిపించింది ఒక్క పుస్తకమే. అందులో గోతిలో పారేసినవాణ్ని దేవుడు పైకి తీశాడు, చెరసాల తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి, అవన్నీ జరిగాయి. పుస్తకంలో అచ్చు వేశారంటే జరిగిందే అని ఆమె లెక్క. ఇది నాకు ఆనాడు తట్టలేదు. నాకు తెలిసింది అందరికీ తెలుసనుకునే వయసు.

ఆ మధ్యాహ్నాలు నా బాల్యంలో అన్నిటికంటే మంచివి. నేను చదువుతుంటే ఆమె వేళ్లు గింజలు తీస్తూ ఉండేవి. డిటెక్టివ్‌కు ప్రమాదం దగ్గర పడగానే వేళ్లు ఆగిపోయేవి. ప్రమాదం తప్పగానే ఒక చిన్న స్తోత్రం వినబడి, మళ్లీ గింజలు పళ్లెంలో పడేవి. అధ్యాయం చివర నేను ఆపేదాన్ని, ఎవరు చేసుంటారని అడిగేదాన్ని. ఆమె ఎవరో ఒకరిని చూపించేది. ఎక్కువ సార్లు సరిపోయేది. ఒక భాగంలో అయితే రెండో అధ్యాయంలోనే కాంపౌండరే దొంగ అని తేల్చేసింది. చివరికి వాడే. ఎట్లా తెలిసిందని ఆశ్చర్యపోయాను.

"సచ్చినోని ఇంటికి వచ్చి మంచిగ తిన్నడు గద బిడ్డా. దుఃఖం ఉన్నోనికి బువ్వ దిగది."

మిషనక్కకు ఈ సంగతి చెబితే ఆమె నవ్వి నవ్వి సూదిలో దారం ఎక్కించలేకపోయింది. అప్పటి నుంచి ప్రతి భాగం మధ్యలో నన్ను పంపి, నాయనమ్మ ఎవరిని పట్టుకున్నదో కనుక్కుని రమ్మనేది.

తర్వాతి భాగంలో డిటెక్టివ్ బియ్యం దొంగల వెనక పడ్డాడు. ఊరి బయట ఒక గోదాములోకి ఒక్కడే వెళ్లాడు. వాళ్లు బయట నుంచి తలుపు వేసి తాళం వేశారు. లోపల చీకటి, బస్తాలు, ఎలుకలు. అతను లోపల ఉన్నాడని ఎవరికీ తెలియదు. తాళం చప్పుడుతో పుస్తకం ఆగిపోయింది. మిగతాది వచ్చే భాగంలో.

నాయనమ్మ వేళ్లు ఆగి ఉన్నాయి. నేను పుస్తకం మూశాను.

"ఇంక సదువు."

"అయిపోయింది నాయనమ్మా. వచ్చే నెలలో వస్తది."

"వచ్చే నెలనా? గంత దాక నీళ్లు లేకుంట ఎట్లుంటడు?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రం పళ్లెంలో సగం రొట్టె వదిలేసింది. కడుపులో బాగా లేదన్నది.

శుక్రవారం మందిరంలో ఆడవాళ్ల ఉపవాస కూటం. ఒంటిపూట బడి అవగానే నేను కూడా వెళ్లి చాప చివర కూర్చునేదాన్ని. ఒక్కొక్కరు లేచి ప్రార్థన మనవి చెబుతారు. కూతురి కాన్పు, కొడుకు తాగుడు, మొగుడి పని. నాయనమ్మ ఎప్పుడూ తన కోసం అడిగేది కాదు, వాడకట్టులో ఎవరి కష్టమో మోసుకొచ్చేది. ఆమె చెప్పిన మనవి అంటే అందరికీ గురి. ఆ రోజు గోడ పట్టుకుని లేచింది, కొంగు తల మీదికి లాక్కుంది.

"ఒక పిల్లగాడున్నడు. మంచి పిల్లగాడు, పరాయోళ్ల కష్టానికి ఉర్కుతడు. తల్లి దగ్గర లేదు, తండ్రి దగ్గర లేడు. దొంగ ముండాకొడుకులు గోదాంల ఏసి తాళం పెట్టిన్రు. లోపల ఉన్నడని ఎవ్వరికి ఎర్క లేదు. ఇగ దేవునికే ఎర్క. జర అడుగుండ్రి."

తిట్టుమాట వచ్చినందుకు నాలుక కరుచుకుని, క్షమించమని పైకి చూసి కూర్చున్నది. ఎవరూ ఆ మాటను పట్టించుకోలేదు. మా పాస్టరు అయ్యగారి భార్య మోకరించింది, అందరూ మోకరించారు. ఇరవై మంది ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడుస్తూ ప్రార్థించడం మీరు వినకపోతే చెప్పడం కష్టం. ప్రభువా, తలుపు తెరువు. ప్రభువా, ఆ బిడ్డకు దాహం వేస్తుంది. ప్రభువా, వాణ్ని ఎవరూ పిలవడం లేదు, నువ్వు పేరు పెట్టి పిలువు.

చెప్పడానికి నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. అది కథ అని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది. కానీ తల్లి దగ్గర లేదు, తండ్రి దగ్గర లేడు, ఎవ్వరికీ ఎరుక లేదు అని ఆ ఆడవాళ్లు మళ్లీ మళ్లీ అంటుంటే నా లోపల ఏదో కదిలింది. అది నా సంగతే అనిపించింది. నేను అక్కడికి వచ్చి ఏడాది అయింది, నా కోసం అంత మంది ఏనాడూ ఏడవలేదు. అడిగితే కదా ఏడవడానికి. నేను బుద్ధిమంతురాలిని, నాకేం కష్టం. నేను నోరు మూసుకుని అందరికంటే గట్టిగా ఏడ్చాను. పక్కనున్న ఒక పెద్దామె నన్ను ఒళ్లోకి లాక్కుని తల నిమిరింది. ఆమె చేతికి పసుపూ ఉల్లిగడ్డా వాసన. ఆ చేయి తీసేస్తుందేమోనని నేను కదలలేదు.

మరుసటి శుక్రవారం కూడా అదే జరిగింది. ఆ తర్వాతిదీ. గోదాములో ఉన్న బిడ్డ మా సంఘానికి బిడ్డ అయ్యాడు. ఒకామె అతని కోసం బుధవారం కూడా ఉపవాసం ఉన్నది. నేను శుక్రవారం కోసం వారమంతా ఎదురుచూశాను.

మూడో శుక్రవారం అయ్యగారి భార్య నాయనమ్మను అడిగింది, ఆ గోదాము ఏ ఊళ్లో అని. నాయనమ్మ తన మనుమరాలికి ఎర్క అని నా వైపు చేయి చూపింది. అందరి తలలూ నా వైపు తిరిగాయి. ఊరి పేరు చెప్పకపోతే ఈ ప్రార్థన ఆగిపోతుంది, ఆ చేయి ఇక నా తల మీదికి రాదు. నాకు తెలిసిన గోదాములన్నీ ఒక్క ఊళ్లోనే ఉన్నాయి. నాయనతో బస్సులో వెళ్తూ చూశాను, రోడ్డుకు రెండు పక్కలా బియ్యం మిల్లులు, పొట్టు వాసన.

"మిర్యాలగూడల" అన్నాను.

మా అయ్యగారిది కోస్తా వైపు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, చంకలో సంచి, ఎండకు ఒక గొడుగు. భార్య చెప్పిన మాట విని ఆయన మాకెవరికీ చెప్పకుండా సోమవారం పొద్దున మొదటి బస్సు ఎక్కి మిర్యాలగూడ వెళ్లాడు. దేవుణ్ని అడిగాం సరే, ఎవరైనా వెళ్లి చూడాలి కదా అనుకున్నాడు. పొద్దంతా మిల్లు మిల్లుకూ నడిచాడు.

ఇంకా వెలుగుండగానే తిరిగి వచ్చి నేరుగా మా ఇంటికి వచ్చాడు. చొక్కా మీద, కనుబొమల మీద పొట్టు. చెప్పు తెగినట్టుంది, ఒక కాలు ఎత్తి వేస్తున్నాడు. గడప మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగి, నాయనమ్మకు చెప్పాడు. కొందరు తరిమారు, కొందరు తిరణాలలో వింతను చూసినట్టు చూశారు, ఒకచోట హమాలీలు కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. తాళం వేసిన ప్రతి తలుపు దగ్గరా ఆగి, చెవి పెట్టి విన్నాడు.

"ఎక్కడా దొరకలేదు పెద్దమ్మా. రేపు మళ్లీ వెళ్తాను. ఏమ్మా, ఆ బిడ్డ సంగతి నీకు చెప్పిందెవరు? వాళ్లను ఒకసారి అడిగి వద్దాం."

చివరి మాట నాతో. ఆయన కాలి మడమ పగిలి నెత్తురు కనబడుతోంది. నేను గూట్లోంచి ఆ పాత భాగం తీసి ఆయన చేతిలో పెట్టాను. మిషనక్క ఇంకా దుకాణానికి తిరిగి ఇవ్వలేదు దాన్ని. ఆయన సిమెంటు కాగితం అట్ట తిప్పి, లోపలి బొమ్మ చూశాడు, ఒకటి రెండు పేజీలు చూశాడు, చివరి పేజీ చదివాడు. తర్వాత పెద్దగా ఊపిరి వదిలాడు.

"పోనీలే. లోపల ఎవరూ లేరన్నమాట" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. తాళం వేసిన తలుపుల్లో దేని వెనకా ఎవరూ లేరని తెలిసి కుదుటపడ్డ మనిషి గొంతు అది.

నాయనమ్మకు నేనే చెప్పాల్సి వచ్చింది.

"అంటే గా బుక్కు రాసినోడు అబద్ధం రాసిండా?"

"అబద్ధం కాదు నాయనమ్మా. కథ. ఊకెనే అనుకోని రాస్తరు."

"ఊకెనేనా?" అన్నది. తర్వాత, "గంతమందిమి ఏడ్సినం గద" అన్నది.

అయ్యగారు లేచేటప్పుడు ఆమె ఆయన చేయి పట్టుకుని, పిల్ల పేరు సంఘంలో రానీయవద్దని అడిగింది. ఆయన తల ఊపాడు.

నెల మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల, ఆయనను తలుచుకుంటూ అందరం రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. రొట్టె ముట్టే ముందు అయ్యగారు కాసేపు ఆగుతారు. ఎవరికైనా ఎవరితోనైనా తేడా ఉంటే, ఎవరైనా తప్పు చేసి ఉంటే, అప్పుడు లేచి చెప్పుకుని సరి చేసుకోవాలి. అది మా సంఘంలో పాత పద్ధతి. చాలాసార్లు ఎవరూ లేవరు, ఆ మౌనం గడిచిపోతుంది. ఆ ఆదివారం నాయనమ్మ లేచింది. గోదాములో ఏ బిడ్డా లేడని, తాను తెలియక సంఘం ముందు అబద్ధం పెట్టానని, అయ్యగారిని ఎండలో తిప్పానని, తప్పు తనదేనని చెప్పింది. నా ఊసు ఎత్తలేదు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బుధవారం ఉపవాసం ఉన్నామె మొహం తిప్పుకుంది. నేను ఆడపిల్లల చాప మీద కూర్చుని ఉన్నాను. నా మోకాళ్లు లేవడానికి సిద్ధంగా ఉన్నాయి. లేస్తే ఏం జరుగుతుందో తెలుసు, ఏమీ జరగదు, ఒక పిల్ల తప్పు చేసిందంటారు, అంతే. కానీ అందరి ముఖాలూ నా వైపు తిరగడం ఊహించుకున్నాను, తల నిమిరిన ఆ పెద్దామె ముఖం కూడా. లేవలేదు.

బల్ల దగ్గరికి అందరూ వరసగా వెళ్లారు. నాయనమ్మ వెళ్లలేదు. అయ్యగారి భార్య వచ్చి చేయి పట్టుకుని పిలిచింది, ఆమె తల అడ్డంగా ఊపింది. ఈ నెల నాకొద్దు అన్నది. జీవితంలో ఒక్కసారి కూడా బల్ల తప్పని మనిషి గోడ వైపు తిరిగి కూర్చున్నది. రొట్టె పళ్లెం ఆమెను దాటిపోయింది. నేను అది చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత శుక్రవారాలు ఆమె వెళ్లింది కానీ మనవి చెప్పడానికి లేవలేదు. వాడకట్టులో ఎవరికి కష్టం వచ్చినా, అయ్యగారికి మీరే చెప్పుకోండి అనేది. ఇంట్లో నేను వాక్యం చదివేదాన్ని, ఆమె గింజలు తీసేది. ఒకరోజు కావాలని ఒక వరుస దాటేశాను. పట్టుకుంటుందేమో, తిడుతుందేమో అని. ఆమె ఏమీ అనలేదు. ఇద్దరం ఒకే గదిలో ఉండి ఇద్దరం ఒంటరిగా ఉన్న ఆ రోజులు నాకు నాయనను ఎక్కించుకుని మేళ్లచెరువు బస్సు వెళ్లిపోయిన రోజు కంటే పొడుగ్గా గడిచాయి.

కొత్త భాగం వచ్చింది. మిషనక్క పిలిచి ఇచ్చింది. నేను గడప మీద కూర్చుని లోపల చదువుకున్నాను. అతను బస్తాలు కుట్టే దబ్బనంతో కిటికీ సీలలు ఊడదీసి, నాలుగో రోజు బయటపడ్డాడు. దొంగలను పట్టించాడు. గదికి వచ్చి తాళం తీసుకుని పడుకున్నాడు. నేను అంత ఎదురుచూసిన భాగం అది. చదువుతుంటే మట్టి నమిలినట్టుంది. పుస్తకం మూసి అట్లాగే కూర్చున్నాను.

లోపల పళ్లెంలో గింజలు పడటం ఆగిపోయింది.

"బయట పడ్డడా?"

పడ్డాడని చెప్పాను.

"ఎవరొచ్చిన్రు?"

"ఎవ్వరు రాలే నాయనమ్మా. ఒక్కడే పడ్డడు."

ఆమె గింజల పళ్లెం పక్కకు జరిపింది.

"ఒక్కలు గూడ రాలేదా? గట్ల రాసిండా? గా రాసినాయనకు మన అయ్యగారి సంగతి ఎర్క లేదు బిడ్డా" అన్నది. తర్వాత, పైకి చదవమన్నది. మొదటి నుంచి.

నేను మొదటి నుంచి చదివాను. ఏడుస్తూ చదివాను, మాటలు మింగుతూ చదివాను. మింగిన ప్రతిసారీ ఆమె ఆపి మళ్లీ చదివించింది.

మరుసటి నెల ఆమె బల్ల దగ్గరికి వెళ్లింది. కానీ మనవి చెప్పడానికి మాత్రం బతికినన్నాళ్లూ లేవలేదు. రెండేళ్లకు నాయన నన్ను తీసుకెళ్లిపోయాడు. నేను టీచరు ట్రైనింగులో ఉండగా ఆమె వెళ్లిపోయిందని కబురు వచ్చింది, నేను చేరేసరికి మట్టి కూడా అయిపోయింది. అయ్యగారు ఎప్పుడో బదిలీ అయి పోయాడు. మిషనక్క ఎక్కడుందో తెలియదు. ఆ మందిరం పడగొట్టి పెద్దది కట్టారు. నా తప్పు చెప్పుకోవడానికి ఆ చాపల మీద కూర్చున్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. అందుకే మీకు చెబుతున్నాను. ఆ ఆదివారం లేవవలసింది నేను. రొట్టె మానుకోవలసింది నేను.

ఇన్నేళ్లు వాక్యం చదివాను, పిల్లలకు చెప్పాను. లేని మనిషి కోసం చేసిన ప్రార్థన ఏమవుతుందని ఒకసారి ఒక పాస్టరు గారిని అడిగాను. దేవుడికే తెలుసన్నారు. నాకు తోచింది ఒకటే. ఆ కాలంలో తాళం వేసిన తలుపుల వెనక, తల్లీతండ్రీ దగ్గర లేకుండా, ఎవరికీ ఎరుక లేకుండా ఉన్నవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. వాళ్లలో ఒకతె ఆ చాప మీదే ఉంది.

ఇది చదువుతున్న మీరు ఎవరైనా, ఏ విశ్వాసంలో ఉన్నవారైనా, ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. దేవా, ఎవరూ మనవి పెట్టని వాళ్లు ఈ పూట ఏయే గదుల్లో ఉన్నారో నీకు తెలుసు. వాళ్ల పేర్లు మాకు తెలియవు. నీకు తెలిసిన పేరుతో వాళ్లను పిలువు, మాలో ఒకరినైనా ఆ తలుపు దాకా నడిపించు. మీకు మనస్కరిస్తే, చివర ఆమెన్ అనండి.